చీకట్లో దిగిన విమానం

అన్నలారా, 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలైంది. అక్కడి మనోళ్లను పోర్ట్ సూడాన్ నుంచి మన జెద్దాకు చేర్చిన పనే ఆపరేషన్ కావేరి. పోర్ట్ దాకా పోలేనోళ్ల కోసం 27 రాత్రి మన వాయుసేన సీ-130జే విమానం ఖార్టూమ్‌కు 40 కిలోమీటర్ల దూరంలోని వాదీ సయ్యిద్నాలో దిగింది. రన్‌వేకు లైట్లు లేవు, నింపుకుందామంటే ఇంధనం లేదు. పైలట్లు చీకట్లో కనపడే కళ్లద్దాలతోనే దించారు. ఇంజన్లు ఆపలేదు. 8 మంది గరుడ్ కమాండోలు జనాన్ని ఎక్కించారు. ఒక గర్భిణితో సహా 121 మంది జెద్దా చేరారు.

వాళ్లను రన్‌వే దాకా తెచ్చింది ఎంబసీ రక్షణ అధికారి నడిపిన కాన్వాయ్. ఎవరు ఎక్కడున్నారో తెలిస్తేనే విమానం పనికొస్తది. మన పేర్లు, నంబర్లు ఎంబసీలో ఉన్నాయా? శుక్రవారం బతాలో కలిసినప్పుడు ఒకరినొకరం అడుగుదాం.