జమ నుంచి జుమ్మా దాకా

బ్యాంకు పాసుబుక్కులోని ‘జమ’కూ, శుక్రవారం మసీదులో జరిగే జుమ్మా నమాజుకూ చుట్టరికం ఉంది. రెండూ అరబ్బీలో జ-మ-అ అనే ధాతువు నుంచి పుట్టాయి. ఒకచోట చేర్చడం దాని మూలార్థం.

అరబ్బీలో చాలా మాటలకు మూడు హల్లులే ఆధారం. అవి అలాగే ఉంటాయి. మధ్య అచ్చులు మారి, ముందో వెనకో ఓ అక్షరం చేరితే కొత్త మాట పుడుతుంది. జమ్ అంటే కూడిక. వ్యాకరణంలో బహువచనానికీ అదే పేరు. జమాఅత్ గుంపు, మజ్మూ మొత్తం, ఇజ్తిమా సమావేశం, ఇజ్మా ధర్మశాస్త్ర పండితుల ఏకాభిప్రాయం. ఇస్లాంకు ముందు అరబ్బులు శుక్రవారాన్ని అరూబా అనేవారు. అందరూ కూడి ప్రార్థించే రోజు కావడంతో అదే జుమ్మా అయింది. ఆ ప్రార్థనకు ఊరంతా చేరే పెద్ద మసీదు జామా మసీదు. నేటి అరబ్బీలో విశ్వవిద్యాలయం జామియా. 1945లో కైరోలో ఏర్పడిన అరబ్ లీగ్ పేరులోనూ ఆ మాటే ఉంది. 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలిసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ పేరు హైదరాబాదులో రైల్వే స్టేషన్ బోర్డు మీద నిలిచింది: జామై ఉస్మానియా.

తెలుగులోకి ఈ మాటలు పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చాయి. ఎక్కువగా వచ్చింది కచేరీ దారినే. మొఘలుల రెవెన్యూ లెక్కల్లో జమ అంటే వేసిన శిస్తు, హాసిల్ అంటే చేతికొచ్చిన శిస్తు. జమకు పారశీక ‘బందీ’ తోడై జమాబందీ అయింది. మద్రాసు రాజధానిలోని రైత్వారీ గ్రామాల్లో అది ఏటా జరిగే తంతు. కరణం అడంగళ్ల కట్టలు మోసుకెళ్లేవాడు. పై అధికారి ఎదుట ఏ రైతు ఎంత కట్టాలో సరిచూసి ఖాయం చేసేవారు. జూలై 1న మొదలై జూన్ 30తో ముగిసే ఫసలీ సంవత్సరమే ఆ లెక్కలకు కొలమానం. 1984లో కరణాలు పోయినా జమాబందీ మాట రెవెన్యూ కార్యాలయాల్లో ఉండిపోయింది. దండులో చిన్న దళానికి నాయకుడైన జమాదారు కూడా ఈ కుటుంబంవాడే.

చూపుకు ఒకేలా ఉన్నవన్నీ చుట్టాలు కావు. జమానా వేరే ధాతువుది, పూచీ ఇచ్చే జామీను మరో ధాతువుది. జమీను అసలు అరబ్బీయే కాదు, పారశీకం. మూల భాషల్లో ఈ మూడింటి మొదటి ధ్వనీ ‘జమ’లోని ‘జ’ కాదు. తెలుగు లిపిలో ఆ తేడా చెరిగిపోయింది.

వచ్చిన మాటను తెలుగు ఉన్నచోటే ఉంచలేదు. జమకు ‘కట్టు’ తగిలించి మనుషుల మీదికీ తిప్పింది: ఫలానావాణ్ని పెద్దమనుషుల్లో జమకట్టడం లేదంటాం. ఇక జమాఖర్చులో రెండో సగమూ అరబ్బీదే. ఖర్చుకు మూలమైన ఖ-ర-జ ధాతువుకు బయటికి వెళ్లడమని అర్థం. చేరిందీ, వెళ్లిందీ: కొట్లో చిట్టా రాసే గుమాస్తా రోజూ చూసుకునే లెక్క అదే.