పెనుకొండలో వినబడిన "అప్పా"



1565లో రక్కసతంగడి యుద్ధం తరువాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పాను. ఈ ఊరికి వచ్చి బ్రతికిన పరదేశుల మాట మాత్రం ఏనాడూ చెప్పలేదు. బాబయ్యస్వామి పర్షియా నుండి వచ్చారని ప్రతీతి. దర్గాకు వెళ్లే హిందువులు గాని, ముస్లిములు గాని ఆయనను పరాయివారనరు.

పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కార్ల కర్మాగారానికి 2017లో కియా సంస్థ ఒప్పందం చేసుకున్నది. 2019లో ఉత్పత్తి మొదలైనది. దానితో కొరియావారు వచ్చారు. వారి లిపిలో బోర్డులు, వారి వంటలతో భోజనశాలలు వెలిసినవి.

ఒకనాడు హిందూపురం మార్కెట్టులో కూరగాయలమ్మే అవ్వ ఒక కొరియా ఉద్యోగిని "ఏం కావల్లప్పా?" అని అడిగింది. క్యాబేజీ ఏరుకుంటున్న ఆయన ఉలిక్కిపడి, నవ్వి, సెల్‌ఫోనులో తన బిడ్డ ఫొటో చూపాడు. కొరియా పిల్లలు తండ్రిని పిలిచేదీ "అప్పా" అనే! అవ్వ మరొక క్యాబేజీ ఊరికే వేసింది.

ఇది భాషాబంధుత్వమని నేననను, కాకతాళీయమే కావచ్చు. అయినా ఇంటికి దూరమైన మనిషికి ఆ పిలుపు చాలు.

బాబయ్య ఇక్కడే నిలిచిపోయారు. వీరిలో చాలామంది ఉద్యోగకాలం ముగియగానే వెళ్లిపోతారు. రాజుల పేర్లు శాసనాలకెక్కినవి. అవ్వ మాట ఏ రాతిమీదా ఉండదు. పాఠంలో చెప్పకుండా వదలినదానిని కనీసం ఇక్కడైనా వ్రాసిపెడుతున్నాను.