నేటి వార్త - రేపటి పౌరుడు
("ఇమ్రోజ్" పత్రిక మన పిల్లలకు చెప్పే పాఠం)

మన శేరిలింగంపల్లి ప్రాంతంలోనే కాదు, రాష్ట్రమంతటా చాలా బడులలో ఒక మంచి ఆచారం వుంది. పొద్దున ప్రార్థన సమయంలో ఒక విద్యార్థి ముందుకు వచ్చి ఆ రోజు వార్తలు చదువుతాడు. దేశం, రాష్ట్రం, ఆటలు - అన్నీ మూడు నిమిషాలలో అయిపోతాయి. ఆ తర్వాత పిల్లలు వరసగా తరగతులకు పోతారు. విన్న వార్త గురించి ఎవరూ ఏమీ అడగరు, ఎవరూ ఏమీ చెప్పరు. ఆచారం మంచిదే, కాని సగంలో ఆగిపోయింది. వార్త వినడం వేరు, వార్త గురించి ఆలోచించడం వేరు.

"ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఇవన్నీ ఏం తెలుస్తాయి? ముందు లెక్కలు, సైన్సు చదవనీయండి" అని మనలో చాలామంది అంటారు. కాని ఆ పిల్లలు వార్తలకు దూరంగా లేరు. ఇంట్లో అమ్మ ఫోను, నాన్న ఫోను వారి చేతిలోనే వుంటుంది. పత్రిక ఇంటికి రాకపోయినా వాట్సాపులో నిజమూ వస్తుంది, అబద్ధమూ వస్తుంది. ఏది నిజం, ఏది న్యాయం అని అడగడం నేర్పకపోతే, ఎవరు గట్టిగా అరిస్తే వారి మాటే నిజమనుకునే అలవాటు పిల్లలకు పడుతుంది. ఆ అలవాటు పడిన తరువాత మాన్పించడం కష్టం. అడిగే అలవాటు మన హైదరాబాదుకు కొత్తది కాదు. దానికి ఒక చరిత్ర వుంది. అది మన పిల్లలకు తెలియాలి.

రైలు మార్గం అడిగించిన ప్రశ్న

సికింద్రాబాదు నుంచి వాడి జంక్షను వరకు రైలు మార్గం 1874లో ప్రారంభమైనది. మన లింగంపల్లి, హఫీజుపేట స్టేషన్లు ఆ మార్గం మీదివే. 1883లో నిజాం రాజ్యపు రైలు మార్గాన్ని చాందా వైపుకు పొడిగించే పథకం ఒకటి వచ్చింది. లండను కంపెనీకి ఆ పని అప్పగించాలి, కంపెనీ పెట్టుబడిపై వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ ఇవ్వాలి. ఆ కంపెనీ పేరే "నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే". ఎవరు ఎవరికి ఇచ్చిన గ్యారంటీ? ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోతుంది? ఏడో తరగతి పిల్లవాడు కూడా అడగగల ప్రశ్నే ఇది.

ఆ ప్రశ్నను ఆ రోజుల్లో అడిగినవారిలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు ఎడింబరో విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, హైదరాబాదులో కళాశాల నడిపిన అఘోరనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడుగారి తండ్రి. ఇంకొకరు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అందరికీ చదువు కావాలని వాదించినవారు, దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ స్థాపకులలో ఒకరు. ఒకరు బెంగాలీ బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం పండితుడు. ఇద్దరూ కోరినది ఒక్కటే. ఒప్పందం షరతులు ప్రజలకు తెలియాలి, చర్చ జరగాలి, ఆ తర్వాతనే సంతకం కావాలి. దానికి దొరికిన జవాబు ఏమిటంటే, 1883 మే నెలలో అఘోరనాథ్‌గారిని రాజ్యం నుంచి వెళ్ళగొట్టారు. కొన్నేళ్ళకు మళ్ళీ రానిచ్చారు గాని, అడిగినందుకు శిక్ష పడిందన్న మాట మాత్రం చరిత్రలో మిగిలిపోయింది.

మరొక ఉదాహరణ చూద్దాం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకాయన రాశాడు. గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు తిట్లకు దిగలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" 1934లో అచ్చు వేశారు. అబద్ధానికి జవాబు ఆధారమే అని ఇంతకంటె బాగా ఎవరు చెప్పగలరు?

షోయబుల్లా ఖాన్

ఇక అసలు కథకు వద్దాం. షోయబుల్లా ఖాన్ 1920లో నేటి ఖమ్మం జిల్లా ప్రాంతంలోని సుబ్రవేడులో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చదివారు. కావాలనుకుంటే సర్కారు నౌకరీ దొరికేది. కాని పత్రికల్లో పనిచేయడానికే ఇష్టపడ్డారు. మందుముల నరసింగరావుగారి ఉర్దూ పత్రిక "రయ్యత్"లో పనిచేశారు. ప్రభుత్వం దానిని మూయించింది. అప్పుడు బూర్గుల రామకృష్ణారావుగారు మొదలైనవారి సహాయంతో 1947 నవంబరులో తానే ఒక ఉర్దూ దినపత్రిక పెట్టారు. దాని పేరు "ఇమ్రోజ్". ఆ మాటకు అర్థం "ఈ రోజు".

ఆ రోజులు ఎటువంటివో పెద్దలు ఎరుగుదురు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, హైదరాబాదు సంస్థానం మాత్రం భారత యూనియన్‌లో చేరలేదు. రజాకార్ల దౌర్జన్యం ఊళ్ళ మీద పడింది. ఆ దౌర్జన్యం తప్పు అని, హైదరాబాదు భారతదేశంలో చేరడమే ప్రజలందరికీ మేలు అని షోయబుల్లా ఖాన్ ఇమ్రోజ్‌లో రాశారు. రజాకార్లు మతం పేరు చెప్పుకునేవారు. ఈయనా ముసల్మానే. "మనవాళ్ళ మీద నువ్వే రాస్తావా?" అన్నారు. బెదిరించారు. ఆయన మానలేదు. తప్పు తప్పే, చేసినవాడు మనవాడైనా సరే అన్నది ఆయన నమ్మిన విలువ.

1948 ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకొని కాచిగూడ ప్రాంతంలోని ఇంటికి పోతుండగా ఆయనపై కాల్పులు జరిపి, రాసే చేతిని నరికారు. వెంట వున్న బావమరిదికీ గాయాలైనాయి. షోయబుల్లా ఖాన్ ప్రాణం నిలవలేదు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్ళు. నెల తిరగక ముందే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయినట్లు రేడియోలో ప్రకటించారు.

కథ అక్కడితో ఆగలేదు

మన పిల్లలకు చరిత్రను సగం చెప్పి వదిలితే న్యాయం కాదు. రజాకార్ల పాలన పోయిన తర్వాత సంస్థానంలోని కొన్ని జిల్లాలలో, ముఖ్యంగా మరాఠ్వాడా, కర్ణాటక ప్రాంతాలలో, ఏ పాపం ఎరుగని ముస్లిం కుటుంబాలపై దాడులు జరిగినాయి. పరిస్థితి చూసి రమ్మని నెహ్రూగారి ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ నాయకత్వాన ఒక బృందాన్ని పంపింది. అందులో ఒకరు కాజీ అబ్దుల్ గఫార్. ఆయన హైదరాబాదులో "పయామ్" అనే ఉర్దూ పత్రిక నడిపిన సంపాదకులు. తక్కువలో తక్కువ లెక్కవేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి వుంటారని వారు నివేదించారు. ఆ నివేదికను ప్రభుత్వం అచ్చు వేయలేదు. 2013 నాటికి గాని అది చూడాలనుకున్న వారికి అందుబాటులోకి రాలేదు. అరవై ఏళ్ళకు పైగా ఒక వార్త బీరువాలో వుండిపోయిందన్న మాట.

ఆ నివేదికలోనే మరొక సంగతి వుంది. కొన్ని చోట్ల హిందూ చేనేత కార్మికులు తమ తోటి ముస్లిం చేనేతవారిని కాపాడడానికి అడ్డం నిలబడి, ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. ముస్లిం అయిన షోయబుల్లా ఖాన్ ముస్లిం పేరుతో జరిగిన దౌర్జన్యాన్ని ఖండించాడు. హిందువులైన ఆ నేతగాళ్ళు హిందూ పేరుతో జరిగిన దౌర్జన్యానికి ఎదురు నిలిచారు. రెండూ ఒకే విలువ. ఒకటి చెప్పి రెండవది దాచే చరిత్ర పిల్లలలో పగ పెంచుతుంది. రెండూ చెప్పే చరిత్ర ఇన్సాఫ్ అంటే ఏమిటో నేర్పుతుంది.

మన గడప ముందరి వార్త

ఇదంతా పాత సంగతి అనుకోవద్దు. హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. అఘోరనాథ్‌గారి కుమార్తె సరోజినీ నాయుడు నివసించిన "గోల్డెన్ త్రెషోల్డ్" అనే ఇంటిలోనే దాని తొలి రోజులు గడిచాయి. తరువాత మన గచ్చిబౌలికి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయం పక్కనే, కంచ గచ్చిబౌలిలో, 400 ఎకరాల గురించి 2025లో జరిగిన గొడవ మన పిల్లలందరూ విన్నదే. ఆ ఏడు మార్చి చివర ఉగాది, రంజాన్ సెలవులు వరసగా వచ్చిన రోజులలో అక్కడికి బుల్డోజర్లు వచ్చాయి. భూమి తనదేనని, కోర్టులో తేలిపోయిందని, ఐటీ సంస్థలు వస్తే ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం అన్నది. అక్కడ చెట్లున్నాయి, జింకలున్నాయి, నెమళ్ళున్నాయి, చెరువులున్నాయి, నరకవద్దని విద్యార్థులు అన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, చెట్ల నరికివేత ఆపమన్నది. అప్పటికే సుమారు నూరెకరాలు చదును అయిపోయినట్లు కోర్టుకు నివేదిక అందింది.

ఈ మధ్యలో మరొక వింత జరిగింది. జింకలు, నెమళ్ళు బుల్డోజర్ల ముందు పరుగెత్తుతున్నట్లు కొన్ని బొమ్మలు ఫోన్లలో తిరిగాయి. వాటిలో కొన్ని కంప్యూటరు కృత్రిమ మేధతో తయారు చేసినవి. చెట్లు నరికినది నిజం, ఆ బొమ్మలు మాత్రం నిజం కావు. బొమ్మ అబద్ధం గనుక సంఘటన కూడా అబద్ధమేనని కొందరు అన్నారు. సంఘటన నిజం గనుక బొమ్మ కూడా నిజమేనని మరికొందరు నమ్మారు. రెండూ తప్పే. ఎనిమిదో తరగతికి ఇంతకంటె మంచి పాఠం ఏ పుస్తకంలో దొరుకుతుంది? 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి మన చుట్టూ లేచిన అద్దాల మేడలు చూసి పెరిగిన పిల్లలు వీరు. ఉద్యోగమూ కావాలి, చెట్టూ కావాలి, రెండింటి మధ్య న్యాయం ఎలా? దీనికి జవాబు పెద్దలు చెప్పనక్కరలేదు, పిల్లలను ఆలోచించనిస్తే చాలు.

మనం చేయగలిగినది

ఖర్చు లేని పనులు కొన్ని వున్నాయి. ప్రార్థనలో చదివిన వార్తలలో ఒక్కదానిని తీసుకొని, వారానికి ఒక పీరియడు పిల్లలను మూడు ప్రశ్నలు అడగనివ్వాలి. ఈ మాట ఎవరు చెప్పారు? వారికెలా తెలిసింది? ఇందులో ఎవరికి మేలు, ఎవరికి కీడు? ఒకే వార్తను రెండు పత్రికలలో, వీలైతే ఒకటి తెలుగు, ఒకటి ఉర్దూ, పక్కపక్కన పెట్టి చదివించాలి. గోడపత్రిక పెట్టించాలి. అందులో పడిన వార్త తప్పని తేలితే, రాసిన పిల్లవాడే "సవరణ" అని మళ్ళీ రాసి అంటించాలి. అది అవమానం కాదు, గౌరవమని టీచరు చెప్పాలి. ఇంట్లో నానీని, దాదాను అడిగి పాత సంగతులు రాసుకొని రమ్మనాలి.

టీచరు తన పార్టీ అభిప్రాయం పిల్లల నెత్తిన రుద్దకూడదు. "బడిలోకి రాజకీయాలు తేవద్దు" అనే తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. కాని ప్రశ్న అడగడం రాజకీయం కాదు. శాస్త్రీయ దృష్టిని, జిజ్ఞాసను పెంచుకోవడం ప్రతి పౌరుని విధి అని 1976లో మన రాజ్యాంగంలో చేర్చిన 51-ఎ అధికరణం చెబుతున్నది. వార్త విన్నప్పుడు తొందరపడక విచారించుకోవాలని హుజురాత్ సూరా బోధిస్తున్నది. పౌరధర్మమూ, దీన్ ఒకే మాట చెబుతుంటే మనం వెనుకాడడం దేనికి?

మన సంఘాలు ప్రతి ఏడూ పిల్లలకు పుస్తకాలు, స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాయి. చాలా సంతోషం. వాటితోపాటు ప్రతి మొహల్లాలో ఒక పఠనాలయం, అందులో నాలుగు పత్రికలు, వారానికొక సాయంత్రం పిల్లలతో కూర్చునే ఒక పెద్దమనిషి వుంటే, ఆ పుస్తకాల చదువు నిండుతుంది. ఫోనులో వచ్చిన ఒక అబద్ధాన్ని పక్కింటికి పంపకుండా ఆపిన పిల్లవాడు ఆ మొహల్లాకు ఎంత మేలు చేసినట్లో, అల్లర్లు చూసిన పెద్దలకు వేరే చెప్పనవసరం లేదు.

షోయబుల్లా ఖాన్ తన పత్రికకు "ఈ రోజు" అని పేరు పెట్టారు. ఆయన అడిగిన ప్రశ్నలు మాత్రం ప్రతి రోజుకూ పనికివచ్చేవి. ఆ ప్రశ్నలను మన పిల్లల నోట వినే ఓపిక మనకు వుండాలి. ఒక్కొక్కసారి ఆ ప్రశ్న మనమీదికే రావచ్చు. అప్పుడు కసురుకోకుండా జవాబు చెప్పడం తల్లిదండ్రులుగా, ఉపాధ్యాయులుగా, సంఘ పెద్దలుగా మనందరి బాధ్యత.