మైనపు కవచం

కారుకు మైనం పూయడం ఆడంబరమని నేనూ చాలాకాలం భావించాను. చరిత్ర వేరుగా చెబుతున్నది.

తొలినాటి కార్లకు గుర్రపుబండ్లకు వలెనే వార్నిష్ పూసేవారు. పొరలన్నీ ఆరడానికి వారాలు పట్టేది. 1923లో డ్యూపాంట్ సంస్థవారి డ్యూకో లాకర్ జనరల్ మోటార్స్ వారి ఓక్‌లాండ్ కార్లకెక్కింది; ఆరడానికి గంటలు చాలాయి. అయితే ఆ రంగు క్రమంగా మెరుపు కోల్పోయేది. అందుచేత మెరుగుపెట్టి మైనం పూయడం యజమానులకు ఇంటిపని అయింది.

ఆ మైనాలలో పేరెన్నికగన్నది కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లోని ఒక తాళజాతి వృక్షం మండుటెండలో తేమ ఆరిపోకుండా తన ఆకులపై కప్పుకొనే కవచమది. చెట్టుకు ప్రాణరక్షణ, బండికి వర్ణరక్షణ!

మిత్రులారా, ముందు నీటితో దుమ్ము కడిగి, పిమ్మటనే మైనం పూయండి. నేను ఏళ్లతరబడి పొడిగుడ్డతో తుడిచాను. నా కారుమీది గీతలన్నీ ఆ శ్రద్ధాఫలమే.