పెంజేరు: మా ఊరి పేరులో ఉన్న చెరువు

శివరాత్రి జాతరలో సిద్ధేశ్వరుడి గుడి వాకిట్లో ఒక పెద్దమనిషి పదిమందిని కూర్చోబెట్టుకుని మా ఊరి చరిత్ర చెబుతున్నాడు. హేమావతి అని ఒక రాణి ఉండేదట, ఒంటినిండా బంగారమేనట, ఆమె పేరే ఊరికి పెట్టారట. వినేవాళ్లలో సగం మంది మా ఊరి పిల్లలే. నేను ఉండబట్టలేక, "ఏ శాసనంలో ఉంది సార్?" అని అడిగాను. "పెద్దలు చెప్పుకుంటారు కదండీ" అన్నాడు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాను. మా పెద్దల నోట రాణి మాట నేనెప్పుడూ వినలేదు. ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను.

మా ఊరు హేమావతి నొళంబుల రాజధాని. ఎనిమిదో శతాబ్దం మొదలు పదకొండో శతాబ్దం దాకా నొళంబవాడి ముప్పై రెండు వేల నాడును ఏలినవాళ్లు వాళ్లు. వాళ్ల కాలంలో ఊరి పేరు పెంజేరు. తర్వాత హెంజేరు అయింది, తమిళంలో పెరుంజేరు. పకారం హకారం కావడం కన్నడం తెలిసిన ఇళ్లలో కొత్త సంగతేం కాదు. పాలు హాలయింది, పంది హంది అయింది, పులి హులి అయింది. అలాగే పెంజేరు హెంజేరయింది.

ఇక పెంజేరు అంటే ఏమిటి? పెనుకొండ మనకు పక్కనే ఉంది. పెను అంటే పెద్ద, పెనుకొండ అంటే పెద్ద కొండ. ఆ కొండనే పండితులు సంస్కృతం చేసి ఘనగిరి అన్నారు. పెను చెరువు పెంజేరయింది, అంటే పెద్ద చెరువున్న ఊరు. తమిళులు పెరుం అనడం కూడా ఆ 'పెద్ద'కు సాక్ష్యమే. పెనుకొండను ఘనగిరి చేసిన చేతులే హెంజేరును హేమావతి చేశాయని నా నమ్మకం. బంగారం ఆ సంస్కృతంతో వచ్చిందే, రాణి ఆ బంగారం వెంట వచ్చిందే.

తమిళం చదివిన మిత్రుడొకరు దీనికి అడ్డు చెప్పాడు. తమిళంలో చెఱు అంటే వరిమడి, మీ ఊరు పెద్ద మడి అయి ఉండొచ్చు కదా అన్నాడు. అయితే అయింది. చెరువు లేకుండా ఈ గడ్డ మీద వరిమడి ఎక్కడిది?

కన్నడిగులకూ మనకూ ఉన్న తగవు కూడా ఇక్కడ ఒకటుంది. నొళంబులు మావాళ్లంటే మావాళ్లని రెండు వైపులా పుస్తకాలు రాశారు. మా ఊళ్లో దొరికిన నొళంబ శాసనాల భాష కన్నడం, దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. కానీ పేరు చూడండి. కన్నడంలో చెరువును కెరె అంటారు. కకారం చకారమై చెరువు కావడం తెలుగు నడక. తల పెను, తోక చెరువు, దాని మీద కన్నడ హకారం. మా ఊరి మాట కూడా ఇంతే. ఇంట్లో అజ్జి అంటాం, సంతలో అవ్వ అంటాం. మా మండలంలో కన్నడ మాధ్యమం బళ్లున్నాయి, తెలుగు బళ్లూ ఉన్నాయి. శాసనాలు చూపి ఒకరు, మ్యాపు చూపి ఒకరు ఊరిని చెరో వైపు లాగుతారు. పేరు మాత్రం రెండు భాషలనూ కలిపి మోస్తోంది.

శాసన పరిశోధకుడు లూయిస్ రైస్ 1904లో తుమకూరు జిల్లా శాసనాల సంపుటం అచ్చు వేసినప్పుడు, మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నా మా శాసనాలను అందులోనే చేర్చాడు. హద్దుకు అటు ఉన్న శిరా మాకు అంత దగ్గర. బళ్లారి నుంచి 1882లో విడదీసిన అనంతపురం జిల్లాలో మేం చివరి కొస. జిల్లా ఆఫీసులో పని పడితే వంద కిలోమీటర్లకు పైగా పోయేవాళ్లం. 2022 ఏప్రిల్ నుంచి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా అయింది. దూరం కాస్త తగ్గింది, కొస మాత్రం కొసే. రైస్ అచ్చువేసిన మా స్తంభ శాసనంలో నొళంబుల వంశం కంచి త్రినయన పల్లవుడి నుంచి మొదలవుతుంది. ఆ వంశవృక్షం మీద ఎన్ని పుటలు రాశారో లెక్కలేదు. కళా చరిత్రకారుడు శివరామమూర్తి 1964లో మద్రాసు మ్యూజియంలోని నొళంబ శిల్పాల మీద పుస్తకమే రాశారు. ఆయన కంటికి మొక్కాలి. రాతి కిటికీ జాలీలో ఒదిగిన దేవతను ఆయన చూసినట్టు చూసినవాళ్లు అరుదు. అయినా నాకు ఒక వెలితి ఉంది. ఇంత రాయి చెక్కించిన, ఇంత మందికి అన్నం పెట్టిన రాజధాని నీళ్లు ఎక్కడ తాగింది? ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి యేడు అనుకునే సీమ ఇది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే సగం ఖాళీ అవుతాయి, ఈశాన్యం ఇక్కడికి చేరేసరికి అలిసిపోతుంది. ఆ ప్రశ్నకు జవాబు ఈ పరిశోధకులు వెతికిన రాళ్లలో కంటే ఊరి పేరులోనే ఉంది.

ఆ కాలపు కన్నడ శాసనాల్లో బిత్తువట్ట అనే మాట కనిపిస్తుంది. చెరువు బాగోగులకు విడిచిన భూమి అది. మన వైపు దశబంధం ఇనాం అన్నది కూడా దాదాపు అదే. కట్ట తెగితే పూడ్చేవాడికి, పూడిక తీసేవాడికి, తూము తీసి మడిమడికి నీళ్లు పంచే నీరుగంటికి ఊరు కూలి ఇవ్వలేదు, భూమి ఇచ్చింది. కాబట్టి చెరువు ఎండితే వాడి కడుపూ ఎండేది. తెల్లవారుజామున కట్ట మీద మొదట నడిచేవాడు వాడే.

మా అజ్జికి తేదీలు తెలియవు. మా అక్క వయసు అడిగితే "చెరువు మరవ పోయిన యేటి బిడ్డ" అనేది. మరవ పారిందంటే ఊరంతా గంగపూజకు కదిలేదట, అలుగు నీళ్లలో పిల్లలు గుడ్డలతో చేపలు పట్టేవారట. ఆ లెక్కతో వయసు చెప్పాల్సి వస్తే నా మనవడికి వయసే ఉండదు. ఇప్పుడు అందరి చూపూ బోర్ల మీదే. ఆరువందల అడుగులు, ఎనిమిది వందలు, వెయ్యి. రాత్రంతా రిగ్గు కింద నిలబడి, తెల్లారేసరికి దుమ్ము లేచిన చోట తల పట్టుకుని కూర్చున్న రైతును నేను ఒక్కణ్ణి కాదు, చాలామందిని చూశాను. ఆ బోర్ల మీద పెంచిన వక్క తోట ఎండడం వేరుశనగ ఎండినట్టు ఉండదు. వేరుశనగ పోతే ఒక పంట పోతుంది. వక్క చెట్టు ఏళ్ల తరబడి పెంచిన బిడ్డలాంటిది. మట్టలు ఒక్కొక్కటే రాలి చివరికి మొండి మాను మిగులుతుంది, దాన్ని నరకడానికి ఆ ఇంటి ఆడవాళ్లు ఒప్పుకోరు. ట్యాంకర్లతో నీళ్లు పోసి తోటను ఒక్క ఎండాకాలం గట్టెక్కించడానికి తాళిబొట్టు తప్ప అన్నీ కుదువపెట్టిన ఇళ్లు మా వైపు ఉన్నాయి. పిల్లలు బెంగళూరు బస్సెక్కుతారు. హంద్రీ-నీవా మడకశిర కాలువ గురించి చాలా ఆశ పెట్టుకున్నాం. కానీ మాది సుమారు 2,000 అడుగుల ఎత్తున్న గడ్డ, కృష్ణ నీళ్లను మెట్టుమెట్టుగా ఎత్తిపోసుకుంటూ రావాలి. నెత్తిన పడ్డ వానను ఉన్నచోటే పట్టుకునే కట్టను మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. తూము రాళ్ల మధ్య తుమ్మ మొలిచింది. పూడికతో చెరువు పళ్లెమైంది.

మళ్లీ నొళంబుల దగ్గరికి వస్తే, వాళ్ల ఆటా ఒకనాటికి ముగిసింది. గంగ వంశపు రాజు మారసింహుడు నొళంబ కులాంతకుడని బిరుదు పెట్టుకున్నాడు. తర్వాత చోళులొచ్చారు. రాజరాజు జయించిన నాడుల్లో నుళంబపాడి పేరుంది. రాజేంద్రుడి కాలంలో నొళంబ గుళ్ల స్తంభాలను పెకలించి కావేరి ఒడ్డుకు తీసుకుపోయారు. త్యాగరాజ ఆరాధనకు ఏటా వేలమంది తెలుగువాళ్లు తిరువయ్యారు పోతారు. అక్కడి అయ్యారప్పర్ గుడి ప్రాంగణంలో ఆ స్తంభాలున్నాయని వాళ్లలో ఎందరికి తెలుసు?

నేను ఒకసారి పోయాను. చుట్టూ ఉన్నవి చోళుల రాళ్లు, వాటి మధ్య ఇవి నల్లగా, నున్నగా, ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయాయి. మా దొడ్డేశ్వరుడి గుడిలో చిన్నప్పుడు ఎండకు చెంప ఆనించిన రాయి ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది, అంతే చల్లగా. లతల చెక్కడంలో విభూది ఇరుక్కుని ఉంది. ఉత్తరీయంతో తుడిచాను. బయట కాలువ నిండుగా పారుతోంది. ఊరికి వచ్చాక పంచాయతీలో ఒక అర్జీ ఇచ్చాను. రెండే కోరాను: ఊరి బోర్డు మీద హేమావతి కింద పెంజేరు అని రాయించండి, తూము దగ్గర తుమ్మ కొట్టించండి.