గుర్రం కాలికి కట్టు: ఎందుకు? ఎలా?

పోలో మైదానాల్లో, స్వారీ శిక్షణ కేంద్రాల్లో గుర్రాల కాళ్లకు రంగురంగుల కట్లు కనిపిస్తాయి. అవి అలంకారం కోసం కాదు. అయితే సరిగా కట్టకపోతే, కాపాడాల్సిన కట్టే కాలికి చేటు చేస్తుంది.

కాళ్లకే ఎందుకు?

మోకాలి కింద గుర్రానికి కండ దాదాపు ఉండదు. ఎముక, దాని వెనక తాళ్లలా దిగే టెండన్లు, వాటిపై చర్మం మాత్రమే ఉంటాయి. పరుగులో ఒక కాలి గిట్ట పక్క కాలికి తగులుతుంటుంది. పోలోలో దీనికి బంతి, కర్ర దెబ్బలు తోడవుతాయి. అందుకే ఆ ఆటలో గుర్రం నాలుగు కాళ్లకూ కట్లు లేదా బూట్లు తప్పనిసరి. మణిపూర్ నుంచి ఈ ఆట నేర్చుకున్న బ్రిటిష్ వారు 1859లో అస్సాంలోని సిల్చార్‌లో క్లబ్ పెట్టుకున్నారు. స్వారీలో వాడే మెత్తని ఫ్లీస్ పట్టీని నేటికీ 'పోలో ర్యాప్' అనే పిలుస్తారు.

రకాలు

పోలో ర్యాప్‌ను నేరుగా కాలికి చుడతారు. లాయంలో ఉన్నప్పుడు వేసే కట్టు వేరు. వాపు రాకుండా చూడటానికి, గాయంపై వేసిన మందును కాపాడటానికి అడుగున మందపాటి మెత్త వేసి, దానిపై పట్టీ చుడతారు.

కట్టే పద్ధతి

కాలు శుభ్రంగా, పొడిగా ఉండాలి. ముందు నుంచి బయటివైపుగా వెనక్కి, అక్కడి నుంచి లోపలివైపుగా ముందుకు చుట్టాలి. ప్రతి చుట్టూ అంతకుముందు చుట్టులో సగాన్ని కప్పాలి. బిగువు అంతటా ఒకేలా ఉండాలి, కట్టులోకి ఒక వేలు దూరాలి. చివర అతికించే వెల్‌క్రో బయటివైపు ఉండాలి, టెండన్ల మీద కాదు. ఒకేచోట ఎక్కువ బిగిస్తే టెండన్ దెబ్బతింటుంది. వదులైతే పట్టీ జారి కాళ్లకు చుట్టుకుని గుర్రం పడిపోవచ్చు.

పరిమితులు

కట్టు కాలికి ఊతమిస్తుందన్న నమ్మకం బలంగా ఉంది. కానీ వేగంగా దౌడు తీసేటప్పుడు ఒక్కో ముందుకాలిపై గుర్రం బరువుకు రెండు రెట్లకు పైగా భారం పడుతుంది. గుడ్డ పట్టీ మోయగలిగేది అందులో స్వల్పమే. దౌడులో టెండన్ లోపలి వేడి 45 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లగలదు. కట్టు ఆ వేడిని బయటికి పోనివ్వదు. కాబట్టి స్వారీ ముగిసిన వెంటనే విప్పేయాలి. లాయం కట్టును కూడా రోజూ విప్పి, కాలు చూసి మళ్లీ కట్టాలి.

కాలు వేడెక్కినా, వాచినా, గుర్రం కుంటినా ఇంకో కట్టు వేసి పనిలోకి దింపకూడదు. పశువైద్యుడికి చూపించాలి.