బట్టతలకు మందు

తల వెండ్రుకలు రాలిపోవుట ప్రాణము తీయు వ్యాధి కాదు. అయినను దానికి మందు వెదకుట వైద్యశాస్త్రమంత ప్రాచీనమైనది. ఈజిప్టులో క్రీ. పూ. 1550 ప్రాంతమున వ్రాయబడిన ఎబెర్స్ పపైరసులో సింహము, నీటిగుఱ్ఱము, మొసలి, పిల్లి, పాము మున్నగువాని క్రొవ్వులను కలిపి తలకు పూయవలెనని కలదు. సింహమును చంపి క్రొవ్వు తెచ్చినవాని సాహసము మెచ్చదగినదే గాని, దానివలన జుట్టు మొలచెనని మేము నమ్మజాలము. మన సుశ్రుతుడు ఇంద్రలుప్తము, ఖాలిత్యము అని పేర్లు పెట్టి చికిత్స చెప్పెను. గుంటగలగరాకు నూనె నేటికిని మన ఇండ్లలో కాచుచునే యున్నారు. భర్తృహరి మాత్రము బట్టతలవానిని తాటిచెట్టు నీడకు పంపి, వాని నెత్తిన పండు పడవేసి, విధిని నిందించి ఊరకొనెను.

ఈ లోపము గొప్పవారినిసైతము బాధించెను. జూలియస్ సీజరు వెనుకనున్న జుట్టును ముందుకు దువ్వుకొనెడివాడనియు, తనకు లభించిన గౌరవములలో ఎల్లప్పుడును ఆకుల కిరీటము ధరించు హక్కునే మిక్కిలి ఇష్టపడెననియు సుయెటోనియసు వ్రాసెను.

వృషణములు తొలగింపబడినవారికి బట్టతల రాదని హిప్పోక్రటీసు పేర వెలసిన సూత్రములలో ఒక మాట గలదు. ఆ మాట లోతు తెలియుటకు రెండువేల ఏండ్లకు పైగా పట్టెను. 1942లో జేమ్స్ హామిల్టను అను అమెరికా పరిశోధకుడు, యౌవనమునకు ముందే అట్లు అయినవారికి జుట్టు నిలిచియుండుటయు, వారికి పురుష హార్మోను ఎక్కించినచో వంశమున బట్టతల గలవారికి జుట్టు రాలుటయు చూపెను. వంశము, హార్మోను రెండును కూడిననే ఈ బట్టతల వచ్చునని తేలెను.

కాని మొదటి మందు ఈ త్రోవన రాలేదు. అప్‌జాన్ సంస్థవారి మినాక్సిడిల్ మాత్ర తీవ్రమైన రక్తపుపోటుకై 1979లో అమెరికాలో అనుమతి పొందినది. దానిని మ్రింగిన రోగులకు ముఖమునను చేతులమీదను వెండ్రుకలు మొలవసాగెను. స్త్రీలకు అది ఎంత దుఃఖకరమో చెప్పనక్కరలేదు. ఒకరి కష్టమే మఱియొకరికి ఔషధమయ్యెను. 1988లో తలకు రాచుకొను 2 శాతపు ద్రావణముగా అదే మందు వెలువడెను.

రెండవ మందు కథ ఇంకను విచిత్రము. డొమినికన్ రిపబ్లిక్కులోని సాలినాస్ గ్రామమున కొందఱు శిశువులు ఆడపిల్లలుగా పెరిగి, పండ్రెండేండ్ల ప్రాయమున మగవారుగా మారుచుండిరి. జూలియన్ ఇంపెరాటో మెక్‌గిన్లీయు ఆమె సహచరులును 1974లో దీని కారణమును ప్రకటించిరి. టెస్టోస్టెరోనును మఱింత బలమైన డైహైడ్రోటెస్టోస్టెరోనుగా మార్చు ఎంజైము వారిలో కొఱవడినది. పెద్దయిన పిమ్మట వారి ప్రోస్టేటు గ్రంథి చిన్నదిగానే యుండెను. నుదుటిపై జుట్టు వెనుకకు పోలేదు. ఆ ఎంజైమునే అడ్డగించు ఫినాస్టెరైడును మెర్క్ సంస్థవారు తయారుచేయగా, 1992లో ప్రోస్టేటు వాపునకు 5 మిల్లీగ్రాముల మాత్రయు, 1997లో బట్టతలకు 1 మిల్లీగ్రాము మాత్రయు అనుమతి పొందెను.

గర్భిణులు నలిగిన ఈ మాత్రను తాకరాదని వైద్యులు హెచ్చరించుట సాలినాస్ శిశువులను తలచిన తెలియును: గర్భములోని మగబిడ్డ అవయవములు రూపొందుటకు ఆ హార్మోనే కావలెను. వాడిన పురుషులలో కొందఱికి కామేచ్ఛ తగ్గుటయు కలదు. కనుక వైద్యుని అడుగక దీనిని కొనరాదు. ఈ రెండు మందులును వాడినన్నాళ్లే పనిచేయును. మానినచో నిలిచిన జుట్టు కొన్ని నెలలలో మరల రాలిపోవును.